గంటె చిన్నదానికి, గంజు పెద్దదానికి

ఫిబ్రవరి 11

శంకరమ్మ ఈ యేడు శ్రీశైలం రాదంట. బిడ్డ రజితతోని చెప్పి పంపింది. "చిన్నమ్మను వేరే గంజు చూసుకోమను" అని కూడ అన్నదంట. చూసుకుంట. నారాయణఖేడ్‌ల గంజులకేం కరువొచ్చింది?

పదకొండేండ్ల సంది ఉగాదికి ఇద్దరం కలిసే నడుస్తున్నం. యారాండ్లం. పక్కపక్క ఇండ్లు, నడుమ ఒక్కటే గోడ. మా అత్త కిష్టవ్వకు నడిచే శక్తి పోయిననాడు మా ఇద్దర్ని ముంగట కూసోబెట్టుకొని "గంటె చిన్నదానికి, గంజు పెద్దదానికి" అన్నది. అంతే, అయిపోయింది పంపకం. పెద్దకోడలికి ఐదుగురికి వండే ఇత్తడి గంజు, మూతతోని సహా. నాకు గంటె. అప్పుడు కూడ నేను ఒక్క మాట అనలే. ముసలామె పోయి ఆరేండ్లాయె, ఇప్పుడెందుకు గా ముచ్చట.

ఇంతకు నేనేమన్న? అంబదాస్ వాళ్ల కొత్తింటి పూజకు పోయినం. ఆడోళ్లందరం తినేటప్పుడు, తొవ్వల వంట ఎట్ల చేసుకుంటరని ఎవలో అడిగిండ్రు. "మా అక్కకేంది, నేను వండుత, ఆమె కాళ్లు సాపుకొని కూసుంటది" అన్న. నవ్వులాటకే అన్న. అందరు నవ్విండ్రు. ఆమె సగం బువ్వ ఇడిసిపెట్టి, విస్తరి మడిచి లేసిపోయింది.

ఉన్నమాటే గద. పదకొండేండ్లు పొయ్యి కాడ కండ్లు మండించుకున్నదెవలు? పోయినేడు మన్ననూరు కాడ వొళ్లు కాలిపోయే జ్వరంల కూడ నేనే వండిన. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

ఫిబ్రవరి 13

సంగయ్య అందర్ని పిలిచి మాట్లాడిండు. మా గుంపుకు ఆయనే పెద్ద. మార్చి 15 పొద్దుగాల ఎల్లాలె, పదిహేను రోజుల తొవ్వ. "మన గుంపుకు బండి ఉండదు. మొదటిసంది ఇదే రూలు. ఎవల బరువు వాళ్లదే" అన్నడు. ఒక్కొక్కరు ఎనిమిది కిలోలు దాటొద్దంట.

ఇంటికొచ్చి నా సంచి తూకమేసుకున్న. దుప్పటి, రెండు చీరలు, లింగపూజ సామాను, చెంబు, మందులు, అన్ని కలిపితే ఆరు దాటింది. అంటే బియ్యం, పప్పు, గంజు అన్ని రెండు కిలోలల్ల ఒదగాలె. హల్కా గంజు కావాలె. ఇన్నేండ్లు గీ లెక్క ఎన్నడు ఎయ్యలే. అవసరం పడలే.

మా ఆయన ఇన్నడు. "వదినెతోని ఒక్కమాట మాట్లాడరాదు, గంజు బాధ పోతది" అన్నడు. ఈయనకు అన్ని అల్కగనే ఉంటయి.

ఫిబ్రవరి 16

గోడ అవతల దగ్గు ఇనొచ్చింది. పిలుస్తదేమో అని చాట పట్టుకొని అట్లనే నిలబడ్డ. పిలువలే.

ఫిబ్రవరి 18

అంగన్‌వాడీ సెంటర్ల పిల్లలను పంపిచ్చినంక అలీముద్దీన్ భాయ్ దుకాణం పోయిన. గిన్నెలమ్ముడు, పాత ఇత్తడికి కళాయి పెట్టుడు, రెండు పనులు ఆయనవే. మా అత్త కాలం సంది ఎరుక. హల్కాగ ఉండాలె భాయ్ అంటే వరుసగ దించిండు. స్టీలుది చేతిల పట్టంగనే మణికట్టు గుంజింది. జర్మన్‌ది తీసిండు. మాదిక్కు అల్యూమినియాన్ని జర్మన్ అనే అంటం. అది హల్కనే, బొటనవేలు పెట్టి అదిమితే సొట్ట పడ్డది. ఇంకోటి మంచిగనే ఉండె గానీ మూత కూసుంటలేదు. ఇంకోటి పెద్దగున్నది. ఇంకోటి మల్ల చిన్నగున్నది.

ఆయనకు ఇసుగొచ్చి, "ఎంతమందికి టీచరమ్మా?" అని అడిగిండు.

ఇద్దరికి అన్న. మల్ల, కాదు, ఒక్కరికి అన్న.

ఆయన చేతిలున్న గిన్నె కింద పెట్టిండు. మీ అక్క మంచిగున్నదా అని అడిగిండు. మంచిగనే ఉన్నది, ఆమెకేం రోగం అన్న. ఏం కొనకుండనే వచ్చిన.

ఫిబ్రవరి 20

రజిత వచ్చింది. మీసేవల పనిచేస్తది, రోజంత కంప్యూటర్ ముంగటనే. తల్లికి నాకు మాటలు లేకున్నా పిల్ల మాత్రం రెండిండ్లల్ల తిరుగుతది. ఫోన్ల ఒక జర్మన్ గంజు తెప్పియ్యి బిడ్డా, హల్కాది, ఒక్కరికి సరిపోయేది అన్న. పిల్ల చాయ్ తాక్కుంటనే ఏదో కొట్టింది, అయిపోయింది చిన్నమ్మా అన్నది.

మీ అమ్మ ఏంజేస్తుంది అని అడుగుదామనుకున్న. అడగలే.

ఫిబ్రవరి 24

నా నెత్తి. నేను జర్మన్ గంజు అంటే గా పిల్ల నిజంగ జర్మనీ గంజు తెప్పిచ్చింది! నల్లగ, పల్సగ, చెవులు మడతపెట్టేటట్టు ఉన్నది. గుట్టలెక్కే దొరలు వాడేదంట. నువ్వే జర్మన్ అంటివి గద చిన్నమ్మా అంటది. వాపస్ కూడ తీస్కోరంట. ఇద్దరం పొట్టపట్టుకొని నవ్వినం. నవ్వు గోడ అవతలికి ఇనవడే ఉంటది. అటుదిక్కు గిన్నెల సప్పుడు జరసేపు ఆగింది.

సెంటర్ల పసిపిల్లల కాంటా మీద పెట్టి చూసిన. ముల్లు అసలు కదల్లే. నాకు కావాల్సింది గిదే గద, సంబురపడాలె.

మాపటికి అండ్ల అన్నం వండి చూసిన. రెండు గిద్దెల బియ్యం పోసిన. పొంగి పొయ్యంత ఆగమాగమైంది, అడుగంటింది. ఒక్క గిద్దె పొయ్యాల్సింది. చేతికి రెండే అలవాటు.

ఫిబ్రవరి 26

శివరాత్రి. గుడికాడ లైన్ల శంకరమ్మ నాకన్న నలుగురు ముంగట నిలబడ్డది. నన్ను చూసింది. చూడనట్టు తిరిగింది. గంట ఎడమచేత్తోని కొట్టింది. విభూతి పళ్లెం కూడ ఎడమచేత్తోనే పట్టింది. దేవుని దగ్గర గూడ ఎడమచెయ్యేనా? ఎంత పొగరు! అయ్యగారు ఏమనలే గానీ నాకైతే మస్తు కోపమొచ్చింది.

ఉపాసం ఉన్నందుకు తల నొస్తుంది. ఇగ రాయ.

మార్చి 1

సెంటర్ల తూకం రోజు. ఇరవై రెండు మంది పిల్లలు. ఒక తల్లి, మావోడు మంచిగనే పెరిగిండు టీచర్, ఎత్తుకుంటే చెయ్యి గుంజుతుంది అన్నది. ఎక్కిచ్చి చూస్తే పోయిన నెల కన్న పావుకిలో తగ్గిండు. నెల దినాలు పిల్లగానికి విరేచనాలైనయంట, ఆమె కూడ సరిగ తింటలేదంట. చెయ్యి అందుకు గుంజుతుంది. కాంటా మీద పెట్టంది బరువు చెప్పొద్దమ్మా అని అందరికి చెప్పే లెక్కనే ఆమెకు చెప్పిన.

మార్చి 4

రజిత మొఖం మాడ్చుకొని వచ్చింది. తల్లిని సంగారెడ్డి దవాఖానకు తీస్కపోయి వచ్చిందంట. కుడి భుజంల నరం దెబ్బతిన్నదన్నరంట. చెయ్యి పైకి లేస్తలేదంట, జడ కూడ రజితనే ఏస్తుందంట. ఎప్పటిసంది అని అడిగిన. పోయిన ఉగాది సంది అన్నది.

"అడవిలనే పట్టుకున్నది చిన్నమ్మా. మన్ననూరు దాటినంక నీ సంచి కూడ అమ్మనే మోసింది గద."

నా సంచి ఆటోల పోయింది, ఎవలో ఏసిండ్రు అన్న.

"మీ గుంపుకు ఆటో యాడిది?" అన్నది.

పిల్లకేం తెలుసు. అప్పుడు తను మాతోని లేనే లేదు.

మార్చి 5

ఆటోలనే పోయింది. నాకు మంచిగ యాదికున్నది. పచ్చ ఆటో.

మార్చి 6

పచ్చదో పసుపుదో. సంగయ్యనే ఎవల్నో పిలిచి ఏపిచ్చి ఉంటడు.

సంగయ్యకు ఫోన్ చేసిన. వేరే ముచ్చట్లు మాట్లాడి పెట్టేసిన.

మార్చి 7

జ్వరమొచ్చిన రోజు నేను వండలే. ఇయ్యాల పిల్లలకు పెట్టనీకి అటుకులు నానబెడుతుంటే యాదికొచ్చింది. ఆ రోజు అటుకులు తిన్నం. అక్క చెంబుల నానబెట్టి, బెల్లం నలిపి, చెట్టు కింద నా నోట్లె పెట్టింది. కుడిచేత్తోనే పెట్టింది. తిన్నంక లే నర్మదా, పోదాం, దగ్గరికొచ్చినం అన్నది. నేను ఉత్త చేతులతోని నడిచిన. ఉత్త చేతులని నాకు అప్పుడు కూడ ఎరుకే.

అడవిల ఆటో యాడికెళ్లొస్తది.

మార్చి 9

బజారుకు ఉప్పు కోసం పోయిన. ఉప్పు ఇంట్ల ఉన్నది. అలీముద్దీన్ భాయ్ దుకాణం ముంగటికెళ్లి పోతుంటే ఆయనే పిలిచిండు. రంజాన్ రోజా ఉన్నడు, పెదవులు ఎండిపోయినయి. లోపలికెళ్లి మా ఇత్తడి గంజు తెచ్చి బల్ల మీద పెట్టిండు. లోపల కొత్త కళాయి మెరుస్తుంది. శివరాత్రి తెల్లారి రజిత తెచ్చిచ్చిందంట. తీస్కపోనీకి ఎవలు రాలే, నువ్వు తీస్కపో టీచరమ్మా అన్నడు.

నడవని మనిషి కళాయి ఎందుకు పెట్టిచ్చింది అని అడిగిన. నాకేం తెలుసు, ప్రతి యేడు ఉగాది ముంగట వచ్చేదే గద అన్నడు. మల్ల నవ్వి, ప్రతి యేడు ఒకటే అడుగుతది మీ అక్క అన్నడు. భాయ్, అడుగు జర అరగదియ్యరాదు, హల్కాగైతది అంటదంట. అరగదీస్తే ఓటి పోతదమ్మా అని ఈయన చెప్తడంట. సరే తియ్యి అని పోతదంట.

ఎత్తిన. రెండు చేతులతోని ఎత్తాల్సొచ్చింది. పదకొండేండ్లల్ల ఈ గంజును తోమిన, పొయ్యి మీదికెళ్లి గుడ్డ పట్టి జరిపిన, అండ్ల ఎసరు పెట్టిన. కిందికెళ్లి ఎత్తి చంకల పెట్టుకున్నది ఇయ్యాలనే. ఆమె గంజు ఆమె మోసుకుంటది, అండ్ల నాకేంది అనుకునేదాన్ని. పాత చీరల మూట కట్టి భుజానికి ఏసుకొని నా ముంగటనే నడిచేది. పదకొండేండ్లు ఆ మూటను ఎనక నుంచి చూసిన.

సెంటర్ తాళం తీసి కాంటా మీద పెట్టిన. మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. అప్పుడే పుట్టిన బలమైన పిల్ల అంత. రిజిస్టర్ల రాయనీకి పేరు లేదు గానీ చెయ్యి కలం కోసం పోయింది.

ఒక్క పిల్లను మోసుకుంట మూడువందల కిలోమీటర్లు నడిచిన మనిషి దిగంగనే కాళ్లు సాపుతది. సాపక ఏంజేస్తది?

మార్చి 10

పొద్దుగాల పది గంటలకు పోయిన. గోడ మీదికెళ్లి పిలుస్తే అయిపోవు, కానీ సుట్టు తిరిగి వాకిట్లకెళ్లే పోయిన. అక్క మంచం మీద కూసొని ఎడమచేత్తోని చిక్కుడుకాయ తుంచుతుంది. కుడిచెయ్యి ఒళ్లె పెట్టుకున్నది. మనిషి ఒక పక్కకు ఒంగిపోయింది. గోడ అవతలనే ఉండి నేను ఇది చూడలే.

గంజు కింద పెట్టిన. భాయ్ ఇచ్చిండు అన్న. చూసి, మల్ల కాయ తీసింది. నేను కింద కూసొని కాయలు తుంచుడు షురూ చేసిన. బుట్టల సగం అయినంక నా నోరు ఆగలే.

"అత్త గంజు నీకిచ్చి నాకు గంటె ఇచ్చింది. గది నా కడుపుల ఉండె అక్కా, ఇన్నేండ్లు."

అక్క చేతిల కాయ బుట్టల పడేసింది.

"ఇచ్చిందా? నాకేమిచ్చిందే? మొయ్యమన్నది. నువ్వు వండాలె, నేను మొయ్యాలె. చిన్నదానికి పెద్దాపరేషన్ అయింది, దానికి బరువు పెట్టకు అని నాకు చెప్పింది."

గంజు పెద్దదానికి. ఇయ్యనీకి కాదు, మొయ్యనీకి. పదిహేనేండ్ల సంది పిల్లలకు అ ఆలు దిద్దిపిస్తున్న. ఒక్క 'కి' నాకు అర్థం కాలే. నాకు ఆపరేషన్ అయిందని కూడ నేనే మర్సిపోయిన, ముసలామె మర్సిపోలే. ఆమె మీద ఎన్ని మాటలు అనుకున్న, లోపల లోపల.

పోయినేడు నా సంచి ముచ్చట అడిగిన. నెత్తి మీద గంజు, భుజాన రెండు సంచులు అన్నది. అల్కగ చెప్పింది, కూర ముచ్చట చెప్పినట్టు. మరి నాకు చెప్పొద్దా అంటే, జ్వరంల ఉన్నదానికి ఏం చెప్తరు అన్నది. తగ్గినంక నువ్వు అడగలే గద అని కూడ అన్నది.

ఏడ్సిన. ఆమె ఓదార్చలే. కాయలు తుంచుకుంటనే ఉన్నది. తప్పైంది అక్కా అనాలె. ఇంకో కాయ అందుకున్న గానీ ఆ మాట అనలే. ఆమె దాని కోసం చూసిందో లేదో నాకు తెల్వదు.

"ఈ యేడు గంజు నాకియ్యి" అన్న.

"ఇయ్యనీకి నాదా?"

"మొయ్యనీకి."

పిచ్చిగిట్ల పట్టిందా, ముల్లు కదలని గంజు తెప్పిచ్చుకున్నవంట గద అన్నది. రజిత అన్ని మోసేసింది. అది నువ్వే పెట్టుకో, అండ్ల భుజానికి నూనె కాచుకో అన్న. అక్క మొఖం తిప్పుకున్నది. నవ్విందో ఏడ్సిందో నాకు కనవడలే. అంబదాస్ ఇంటి ముచ్చట ఆమె తియ్యలే, నేను తియ్యలే.

మార్చి 12

ఈ యేడు అక్కకు వచ్చుడు కాదు. వచ్చే యేడు సంగతి కూడ చెప్పలేమన్నడంట డాక్టర్. నేను చెప్పంగనే వచ్చేస్తదని ఎందుకో అనుకున్న. గంజు తెచ్చుకున్నంత అల్కన అయితదనుకున్న.

మార్చి 14

సంచిల నుంచి ఒక చీర తీసేసిన. దుప్పటి తీసేసి శాలువ పెట్టిన. ఇంకా ఎనిమిది దాటుతనే ఉన్నది. నీకేమన్న మతి ఉన్నదా, ఇత్తడి గంజు ఎందుకు అని మా ఆయన అడిగిండు. ఏం చెప్పాలె. హల్కాది ఉంటే నడవొచ్చు. నాకు నడవాల్నని లేదు, మొయ్యాల్నని ఉన్నది. ఆయనకు మాత్రం అలవాటు అన్న.

పొద్దుగాల రజిత పాత చీర తెచ్చిచ్చింది. అక్క మూట కట్టేది అదే. భుజం తగిలే కాడ అరిగి జాలి లెక్క అయింది.

మార్చి 15

నిజాంపేట దాటి ఒక బడికాడ ఆగినం. ఇంకా ఎండ ఉన్నది. మొదటి రోజే. ఇంకా పద్నాలుగు రోజులు.

ఎల్లేటప్పుడు అక్క గేటుకాడికి వచ్చింది. మూట చూసి, ముడి కిందికున్నది, పైకి కట్టు అన్నది. ఎడమచేత్తోని ముడి ఇప్పనీకి చూసింది, రాలే. నేనే ఇప్పి పైకి కట్టుకున్న. బయలెల్లిన.

ఐదు కిలోమీటర్ల దాక ఏం తెల్వలే. తర్వాత ఆ ముడి ఒక్కటే యాదికుండె, దేవుడు యాదికి లేడు. భుజం ఎర్రగ కమిలింది. సంగయ్య జర నాకియ్యి టీచర్ అన్నడు. ఎవల బరువు వాళ్లదే అన్నవు గద అన్న. నవ్విండు గానీ రెండోసారి అడగలే.

గుంపుల అందరు పొయ్యిలు ముట్టిస్తున్నరు. నేను గంజు దించి, బడిగోడకు ఆనుకున్న. సంచి తెరిచి చూస్తే గంటె లేదు. నా వంతుకొచ్చిన ఒక్క వస్తువు, ఇంట్ల మర్సిపోయిన. లేసి ఎవల్నన్న అడగాలె. లేవబుద్ధి కాలే. ఫోన్ తీసి అక్కకు చేసిన. నెల మీదాయె ఆ నంబర్‌కు చేసి.

ఎత్తింది. వండినవా అని అడిగింది.

"లేదక్కా. కాళ్లు సాపుకొని కూసున్న."

పెట్టేసిందేమో అని ఫోన్ చూసిన. పెట్టెయ్యలే. నేను ఏమన్ననో ఆమెకు తెలిసింది. చిక్కుడుకాయల కాడ రాని మాట గిదే అని కూడ తెలిసే ఉంటది.

"కూసో" అన్నది. "మోసినోళ్లు కూసోవాలె. రేపు ఎడమ భుజానికి మార్సుకో, నేను మార్సుకోలే."

మంచిది అన్న. పెట్టేసింది.

ఇంకా వండలే. కూసునే ఉన్న.